మాచర్ల రైల్లో మేకపిల్ల

ఆరు నెలలుగా నాకు రైలంటే భయం. పెట్టె కదలగానే ఊపిరి అందనట్టు ఉండేది. డాక్టరు మందులిచ్చి, చిన్న ప్రయాణాలు చేయమన్నారు. రెండుసార్లు బయల్దేరి సత్తెనపల్లిలో దిగి వెనక్కి వచ్చేశాను. గురజాలలో మా అక్కకు మోకాలి ఆపరేషనై నెల దాటింది, ఇంకా చూడలేదు. అందుకే మూడోసారి, ఉదయం ఎనిమిదింటికి గుంటూరులో మాచర్ల ప్యాసింజరు ఎక్కాను.

ఎదుటి సీట్లో మస్తాన్‌బీ అనే పెద్దావిడ. ఒళ్లో గంప, అందులో రెండు రోజుల మేకపిల్ల. పేరేచర్ల దాటగానే నా చేతులు చల్లబడ్డాయి. వచ్చే స్టేషన్లో దిగిపోదామని సంచి సర్దుకుంటున్నాను.

"అమ్మాయ్, దీన్ని కాస్త పట్టుకో. పాలసీసా తీయాల," అంటూ ఆమె పిల్లను నా ఒళ్లో పెట్టింది.

వెచ్చగా ఉంది, వణుకుతోంది. సీసా పీక నోటికందిస్తే తల తిప్పేసుకుంది.

"దీన్ని ఈనిన మేక ఆ రోజే చచ్చిపోయింది. గురజాలలో మా కూతురి మేకకేమో పిల్ల దక్కలేదు. దానికి అలవాటు చేద్దామని తీసుకుపోతన్నా. అందాకా ఏమీ తాగకపోతే బతకదు," అంది.

పాలు వేలికి రాసి నాకించాను. నాలుగోసారికి పీక పట్టుకుంది. తోక టపటపా ఆడిస్తూ తాగుతుంటే పెట్టెలో సగం మంది చుట్టూ చేరారు. సీసా ఖాళీ అయ్యాక తలెత్తి చూస్తే పిడుగురాళ్ల.

"సత్తెనపల్లి ఎప్పుడు దాటింది?" అన్నాను.

"ఎప్పుడో. నువ్వు దాంతో మాట్లాడతన్నావుగా."

పదకొండింటికి గురజాలలో దిగి, అక్క ఇంటికంటే ముందు మస్తాన్‌బీతో ఆటో ఎక్కాను. ఆమె కూతురు మెహరున్ తన మేక పాలే పిల్ల ఒంటికి రాసి దగ్గరకు వదిలింది. మేక వాసన చూసి కుమ్మింది. మళ్లీ వదిలితే మళ్లీ కుమ్మింది. "రేపటిదాకా చూద్దాం అక్కా," అంటూ మెహరున్ నా నంబరు తీసుకుంది.

అక్క నన్ను గుమ్మంలో చూసి, "ఎవరితో వచ్చావే?" అంది. గోంగూర పచ్చడితో అన్నం తింటూ కథంతా చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలు, ఒక్కదాన్నే. నడికుడిలో గుండె దడ మొదలైంది. బండి ఆగి ఉండగా దిగి, బెంచీ కింద కుక్కకు బిస్కెట్లు పెట్టాను. తినేసి నా కాలికి ఆనుకుని కూర్చుంది. హారన్ మోగేసరికి దడ తగ్గింది. మందులు మానలేదు, మీరూ మానకండి. కానీ నాలాంటివాళ్లెవరైనా ప్రయాణం పెట్టుకుంటే, దారిలో కనిపించే నోరులేని జీవాల దగ్గర కాసేపు ఆగండి. వాటి ఆకలి చూస్తున్నంతసేపూ మన భయం గుర్తుండదు.

పిడుగురాళ్ల దాటాక ఫోన్ మోగింది. మెహరున్.

"ఒప్పుకుందక్కా. పొద్దున్నుంచి ఒకటే నాకతంది. ఇప్పుడు పిల్ల దగ్గరికి పోతే మమ్మల్ని కుమ్ముతంది."