‘ఓకే’ అనకుండా లేచొచ్చాను

నాచారంలో మాది గిన్నెల కొట్టు. మా ఇంట్లో ‘ఓకే’ అనే ఒక్క మాటతో ఎన్ని పనులో! నాన్న గట్టిగా "ఓకే!" అంటే సరుకు కట్టేయమని. నీరసంగా "ఓకే, ఓకే" అంటే వచ్చినాయన్ని సాగనంపమని. అమ్మ "ఓకేలే" అందంటే ఆ పూటకు ఎవరూ ఆమె జోలికి పోకూడదని.

కిందటేడు నన్ను చూసుకోవడానికి ఉప్పల్‌ బట్టల దుకాణం వాళ్లబ్బాయి వచ్చాడు. మాట్లాడిన కాసేపటికే నాకు తెగ నచ్చేశాడు. అందరి ముందే నవ్వుతూ, "నాకైతే ఓకే. మరి మీకు?" అన్నాడు.

నచ్చిన వస్తువును నచ్చిందని చెప్పకుండా లేచి నడిస్తే, కొట్టువాడే వెనక్కి పిలుస్తాడు. చిన్నప్పటి నుంచి నా చదువంతా అదే. అలవాటు ఊరుకుంటుందా? "సూద్దాం తియ్యుండ్రి" అనేసి లోపలికి వెళ్లిపోయాను. తలుపు వెనక నిలబడి పిలుపు కోసం చెవులు రిక్కించాను. పిలుపు రాలేదు. వాళ్లు చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వచ్చింది!

మా మేనత్త నెత్తి కొట్టుకుంది. "నీ బేరం పాడుగాను! గాయన పెండ్లి పిలగాడే, స్టీలు బిందె గాదు!"

బయటికి ఉరికి, వీధంతా వినబడేలా అరిచాను. "ఆగుండ్రి! నాకు ఓకే!"

గేటు దగ్గర ఆయన తిరిగి చూశాడు. "మీరు పిలుస్తరనే గింత మెల్లగ నడుస్తున్న. మాదీ దుకాణమే గద!"

బేరంలో ముందు పిలిచినవాళ్లు ఓడినట్టేనని నాన్న లెక్క. అంత హాయిగా నేను ఇంకెప్పుడూ ఓడలేదు.