కొన్సెంటో అడిగిన మనిషి

నేను మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న రోజులవి. దుక్మ్ రేవు పనుల్లో ఉన్న జపాన్ ఇంజనీరు ఒకాయన్ని మా వార్డుకు తెచ్చారు. సైట్‌లో మెట్ల మీంచి జారిపడి కుడి మోచెయ్యి విరిగింది. మర్నాడు ఆపరేషన్. యాభై దాటిన మనిషి. అంత నొప్పిలోనూ నేను గదిలోకి వెళ్లిన ప్రతిసారీ పడుకునే తల వంచేవాడు.

ఆ సాయంత్రం నన్ను పిలిచి, "కొన్సెంటో, ప్లీజ్," అన్నాడు.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కన్సెంట్ కాగితం కాబోలనుకున్నాను. అది మధ్యాహ్నమే అయిపోయింది. అయినా తెచ్చి చూపించాను. ఆయన ఓపిగ్గా చదివి, ఎడమ చేత్తో వంకరటింకరగా మరో సంతకం పెట్టి, "కొన్సెంటో?" అన్నాడు మళ్లీ. ఈసారి గొంతులో కంగారు వినిపించింది.

మా కాకినాడ వైపు నుంచే వచ్చిన సీనియర్ నర్సును పిలిచాను.

"పాపం, భయపడతన్నాడేమోనే. ఆపరేషనొద్దంటన్నాడేమో కనుక్కో," అంది అక్క.

డాక్టరుకు ఫోన్ చెయ్యబోతుంటే, ఆయన దిండు కింద నుంచి ఆరిపోయిన ఫోనూ ఛార్జరూ తీసి గోడవైపు చూపించాడు. ప్లగ్గు పాయింటు! జపాన్‌లో దాన్నే కొన్సెంటో అంటారట.

"అయ్యో ప్రభువా! ఇందాకట్నించీ కరెంటడుగుతున్నాడే!" అంది అక్క.

ఛార్జింగ్ పెట్టి ఇచ్చాక భార్యతో మాట్లాడాడు. నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నాతో, "నౌ, టెన్షన్ వెరీ హై!" అన్నాడు.

నేను హడలిపోయి బీపీ చూశాను. మామూలుగానే ఉంది. ఆయన చేతి నొప్పితో నవ్వలేక నవ్వాడు. వాళ్లకు టెన్షన్ పెరగడమంటే ఉత్సాహం రావడమట.

"మాకైతే ఇదీ," అని గుండె మీద చెయ్యేసుకుని దడదడలాడించి చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"మీకు టెన్షన్ ఇచ్చాను. సారీ," అన్నాడు ఇంగ్లీషులో, మా అర్థంలోనే.

మర్నాడు నాది ఉదయం డ్యూటీ. థియేటర్‌కు తీసుకెళ్తూ, "టెన్షనా?" అని అడిగాను.

"ఇండియా టెన్షన్," అన్నాడు నా వేళ్లు పట్టుకుని. తలుపు దాకా వదల్లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెలకువ వచ్చాక భార్యకు నేనే ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అవతల ఆమె ఏడుస్తోందని మాత్రం తెలిసింది. ఆయన "హాయ్, హాయ్" అంటూ చాలాసేపు ఓదార్చాడు. నేను పలకరింపనుకున్న ఆ మాటకు వాళ్ల భాషలో "అవును" అని అర్థమని తర్వాత చెప్పాడు.