సోమవారం తల్లి

మొన్న పక్కింటి అమ్మాయి విడాకుల పని మీద కోర్టుకు పోతూ, "అక్కడ కౌన్సెలింగని ఒకటుంటుంది అమ్మమ్మా, మీ కాలంలో లేదులే" అంది. నవ్వొచ్చింది. అరవైలలో నారాయణపేట దిక్కున గ్రామసేవికగా ఊళ్లు తిరుగుతూ నేను చేసిందీ ఆ పనే, పేరొక్కటే తెలియదు. ట్రైనింగులో మాకు కుట్లు, పొగరాని పొయ్యి నేర్పారుగాని మొగుడూ పెళ్లాలు విడిపోతుంటే ఏం చేయాలో చెప్పలేదు. గొర్రెలు కాసే ఇంటి కోడలొకామె విడుపు కోరిందని కులపెద్దలు కూర్చుంటే, పిలవని పేరంటానికి పోయినట్టు వెళ్లి, కాపురం గొప్పదనం మీద గంటసేపు దంచాను. పెళ్లి కూడా కాని దాన్ని, ఎంత ధైర్యమో! ఆమె ఓపికగా విన్నది. "ఒడిసిందా అమ్మా? ఏడాది సంది మాకు మాటల్లేవు. ఇడిపోవుడు నాకు రంది గాదు. బిడ్డ మొకం సూడకుండ ఎట్ల బతకాలె, గది జెప్పు" అంది.

పెద్దలు గడ్డిపోచ తెంచి మొగుడికీ పెళ్లానికీ చెరో ముక్క చేతిలో పెట్టారు, అంతటితో విడుపు అయిపోయినట్టే. నాలుగేళ్ల పిల్ల తండ్రి దగ్గరే. ఇక ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఆ పిల్ల కూడా వచ్చే మా పసిపిల్లల బడి, బాలవాడి, గుర్తొచ్చి కులపెద్ద దగ్గరికి పోయి, "పెద్దయ్యా, మన బాలవాడి ఎవరిల్లు?" అన్నాను.

"గది సర్కారు జాగా గద. ఎవ్వలిల్లు గాదు."

"అయితే తల్లి అక్కడికి రావచ్చుగా?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సదువుకున్నోళ్లతోని గిదే తంటా" అని నవ్వేశాడు. వద్దనలేదు.

నేను ఆ ఊరి బాలవాడికి వచ్చేది సోమవారాలు కాబట్టి, ఆ రోజే తల్లి పక్క ఊళ్లోని పుట్టింటినుంచి నడిచొచ్చింది. రెండు వారాలు పిల్ల నా కొంగు వెనకే దాక్కుంది. ఆ తల్లి మొహం చూడలేక నేను తుడిచిన పలకలే మళ్లీ తుడిచాను. మూడోవారం పిల్లను నాయనమ్మే స్వయంగా తీసుకొచ్చింది. గొడవకే వచ్చిందనుకుని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పిల్ల తలకు నూనె, రెండు జడలు, ఉతికిన గౌను. ముసలామె బయటే నిలబడి, పాత కోడలికి వినబడేలా నాతో అంది: "జర సూసుకొమ్మను అమ్మా, తలల ఒక్క పేను లేదు. మల్ల నేను మంచిగ సూస్తలేనంటది!"

తల్లి పిల్లను ఒళ్లోకి లాక్కుని, జడలు విప్పి నిజంగానే వెతికింది. వెతుకుతూ ఏడ్చింది. పిల్ల ఈసారి పారిపోలేదు, అమ్మ చేతికింద కళ్లు మూసుకుంది.

పిల్ల బాలవాడి దాటి పెద్ద బడికి పోయినా ఆ సోమవారం తప్పలేదు. లోకంలో తల్లులందరికీ వారానికి ఏడు రోజులు. ఆమెకు మాత్రం ఒక్కటే, ఆ ఒక్కదానితోనే బిడ్డను పెంచుకుంది.