చెక్కపొట్టులో ఆర్కిడ్

ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్ళన్నిటిలోనూ లాల్ బాషా అంత గర్విష్ఠి ఇంకొకడు లేడు. కొండ నుంచి తెచ్చిన నర్ది చెక్క ముక్కను చేతిలోకి తీసుకోగానే అది స్పూనవుతుందో పొయ్యిలోకి పోతుందో చెప్పేస్తాడు. చెప్పి ఊరుకుంటే ఫరవాలేదు, ఎదుటివాడికి ఏమీ తెలియదని కూడా చెప్తాడు. భార్య షరీఫున్నీసా పక్కన కూర్చుని స్పూన్లు నునుపు చేస్తూ, "నీ నోటికి గూడా కాస్త ఆకురాయి పట్టించాలయ్యా" అని ఎన్నిసార్లు అని ఉంటుందో! ఇంతటి మనిషీ తల వంచేది కూతురు సుమయా దగ్గర మాత్రమే.

పెళ్ళీడుకొచ్చిన ఆ పిల్లకు కిడ్నీలు పాడయ్యాయి. వింజమూరు నుంచి వచ్చిన సంబంధం ఆ కబురు తెలియగానే వెనక్కి పోయింది. "పోతే పోనీలే, మా నాయన కోపాన్ని ఇంకెవురు భరిస్తారు" అని సుమయా నవ్వేసింది. లాల్ బాషాకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు. అప్పటి నుంచి తండ్రీ కూతుళ్ళకు వారంలో సగం రోజులు ఆత్మకూరుకు పోవడం, డయాలసిస్ చేయించుకుని రావడంతోనే సరిపోయేది.

ఆత్మకూరు బస్టాండుకు పోయే దారిలో పెంచలప్రసాద్ అనే అతని నర్సరీ ఉంది. ఒకసారి ఎండాకాలం మొదట్లో బస్సుకు టైముందని అందులోకి వెళ్ళారు. పూలు రాలిపోయిన ఆర్కిడ్ మొక్క ఒకటి మూలన పడి ఉంది. దళసరి ఆకులు, కుండీ అంచు దాటి బయటికి పాకిన తెల్లటి వేళ్ళు. చూడటానికి ఏమంత బాగాలేదు.

"ఇదేం రంగు పూస్తాదన్నా?" అని అడిగింది సుమయా.

"ఏమో పాపా, నా దగ్గరికి వచ్చేసరికే పూలు రాలిపోయినాయి. పూసినప్పుడు నువ్వే చెప్పు నాకు" అన్నాడు పెంచలప్రసాద్.

అంతే, ఆ పిల్లకు ఆశ పుట్టింది, మొక్కను కొనిపించుకుంది. తెల్లగా పూస్తుందని తను, ఊదారంగులో పూస్తుందని తండ్రి, బస్సు దిగేదాకా వాదించుకున్నారు. ఏ రంగో కళ్ళారా చూడాలి. దాని కోసం ఎంత కాలమైనా బతకాలనిపించింది సుమయాకు. ఆ మాట ఆమె పైకి అనలేదు గానీ తల్లికీ తండ్రికీ అర్థమయింది.

కుండీ మార్చే పని లాల్ బాషా తీసుకున్నాడు. పెంచలప్రసాద్ చెప్పే పంపాడు. పూలు రాలాక, వేళ్ళు కుండీలో పట్టనప్పుడు మార్చాలి, ఇప్పుడు మంచి అదను. మన్నులో పెట్టకూడదు, గాలి ఆడేటట్టు బెరడు ముక్కలు వేయాలి. లాల్ బాషా విన్నాడు. విని నవ్వుకున్నాడు. "బెరడెందుకు, నా ఇంటి నిండా చెక్కే ఉండాది గదా" అనుకున్నాడు. తన చేతికింద రాలిన సన్నటి పచ్చి పొట్టును జల్లించి మరీ కుండీ నిండా పోశాడు. మొక్క కదలకుండా బొటనవేళ్ళతో గట్టిగా అదిమాడు. గరిటె పిడి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని బతికిన మనిషి, వేరుకు కూడా అదే మంచిదనుకున్నాడు.

సుమయా ఆ మొక్కను కిటికీ దగ్గర పెట్టుకుని చూసుకునేది. నీళ్ళు ఎక్కువ తాగకూడదని డాక్టరు ఆమెకు కొలత పెట్టాడు. ఆ కాస్త నీళ్ళలోంచే మొక్కకు కొంచెం పోసేది. షరీఫున్నీసా చూసి కొట్టినంత పని చేసింది. "తాగేది నేనయినా అదయినా ఒకటేలేమ్మా" అంది పిల్ల.

చలికాలం రాగానే ఆకుల మధ్య నుంచి పూలకాడ బయటికి వచ్చింది. ఇల్లంతా పండగయింది. కాడ మీద బఠాణీ గింజల్లా మొగ్గలు కూడా కట్టాయి. కానీ ఆకులు ముడతలు పడి వాలిపోసాగాయి. ఒకరోజు కూతురు నిద్రపోతుంటే లాల్ బాషా పొట్టును వేలితో కెలికి చూశాడు. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. వేళ్ళు నల్లబడి మెత్తగా చితికిపోయాయి. పొట్టు నీళ్ళను పట్టుకుని, ముద్ద కట్టి, వేళ్ళకు ఊపిరాడకుండా చేసింది.

మరుసటిసారి ఆత్మకూరులో సుమయా మిషన్ మీద ఉన్నప్పుడు అతను నర్సరీకి పరిగెత్తాడు. గర్వమంతా ఎటుపోయిందో.

"కాడ కోసెయ్యన్నా. ఉన్న బలమంతా పువ్వుకే పోతే చెట్టు దక్కదు. కుళ్ళిన వేళ్ళు తీసేసి కుండీ మార్చెయ్" అన్నాడు పెంచలప్రసాద్.

"మళ్ళీ ఎప్పుడు పూస్తాది?"

"పోయిన వేళ్ళు రావాల గదన్నా. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు."

రెండేళ్ళు! లాల్ బాషా ఆ మాట ఇంట్లో చెప్పలేదు. పెంచలప్రసాద్ ఇచ్చిన బెరడు ముక్కల సంచిని ఇంటికి తెచ్చి అటక మీద పడేశాడు. చెట్టు చస్తే చావనీ, ముందు పువ్వు విచ్చుకోనీ. బిడ్డ ఒక్కసారి చూస్తే చాలు.

సుమయాను మోసం చేయడం అంత తేలికా? నాలుగు రోజుల్లోనే కనిపెట్టేసింది.

"వేళ్ళు కుళ్ళినాయి గదా నాయనా. ఎందుకు చెప్పలా?"

"పూసినాక మారుస్తాంలేమ్మా. అంత ఆశపడితివి గదా."

"పూసేలోపల అది చస్తాది."

"చస్తే ఇంకొకటి తెస్తా!" అని అరిచాడు లాల్ బాషా.

సుమయా వాలిన ఆకును వేలితో పైకెత్తింది. తర్వాత మెల్లగా అంది: "నేను చూసేదానికి దాన్ని చంపుతావా? ఒక్కటన్నా బతకనీ నాయనా."

కన్నబిడ్డ నోట ఈ మాట వినడం కన్నా ఆ కుండీలో తన తల పెట్టుకుని చావడం నయమనిపించింది అతనికి. అటకెక్కి సంచి దించాడు. బెరడును నీళ్ళలో నానేశాడు. మరునాడు పొద్దున పెంచలప్రసాద్‌ను ఫోన్లో అడిగి ఆమె చెప్తుంటే అతను చేశాడు. బ్లేడును పొయ్యి మంట మీద కాల్చి, నల్లటి వేళ్ళన్నీ తీసేశాడు. గట్టిగా, ఆకుపచ్చగా మిగిలినవి ఒకటో రెండో. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దాడు. అడుగున చిల్లులున్న చిన్న కుండీలో, మొక్క మొదలు బెరడుకు పైన ఉండేటట్టు నిలబెట్టి, చుట్టూ బెరడు ముక్కలు వదులుగా వేశాడు. కాడ కోయాల్సి వచ్చేసరికి, పాతికేళ్ళు ఉలి పట్టిన ఆ మనిషి బ్లేడు కింద పెట్టేశాడు. సుమయానే బ్లేడు తీసుకుని కోసింది.

ఆ కాడను గ్లాసు నీళ్ళలో పెట్టారు. ఒక్క మొగ్గయినా విచ్చుకుంటుందేమోనని ముగ్గురూ చూశారు. అవి పసుపు రంగుకు తిరిగి, ఒక్కొక్కటే రాలిపోయాయి.

ఎండలు ముదరకముందే సుమయా పోయింది.

లాల్ బాషా ఇప్పుడెవరికీ ఏమీ చెప్పడు. స్పూన్లు చెక్కుతాడు, మొక్కకు నీళ్ళు పోస్తాడు, బెరడు ఆరిందో లేదో వేలు పెట్టి చూసి మరీ పోస్తాడు. కొత్త వేరొచ్చింది, కొత్త ఆకొచ్చింది. ఒక చలికాలం ఉత్తగానే పోయింది. ఆ పై చలికాలం కాడ వేసింది. ఒకనాటి ఉదయం అతను కిటికీ దగ్గరికి పోయేసరికి మొదటి పువ్వు విచ్చుకుని ఉంది.

"సుమయా! పూసిందమ్మా, రా!" అని ఇల్లదిరేటట్టు కేకేశాడు.

కేకేశాక గుర్తొచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. లోపలి నుంచి షరీఫున్నీసా గొంతు వినిపించింది.

"ఏం రంగయ్యా?"

చెప్పడానికి లాల్ బాషా నోరు తెరిచాడు. ఏడుపొచ్చింది.