నూకాలమ్మ ఊసూ, నా ఎర్రదీపమూ

మా మేష్టారి గురించి నేను చాటుగా అన్న మాటలు మా మేష్టారికే, మైకులో, నలభైమంది ఎదుట, నా గొంతుతోనే వినిపించిన రోజొకటి నా జీవితంలో ఉంది. న్యాయంగా ఆ రోజు నా ఉద్యోగం పోవాలి, పరువు పోవాలి, ఇంకేమైనా మిగిలి ఉంటే అదీ పోవాలి. ఏదీ పోలేదు. ఎందుకు పోలేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంటాను.

అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్లు. శృంగవరపుకోట నుంచి రోజూ బస్సులో విజయనగరం వచ్చి ఒక చిన్న చరిత్ర భాండాగారంలో పని చేసేదాన్ని. ఊళ్లో అందరూ దాన్ని ‘పాత కాగితాల ఆఫీసు’ అనేవారు. ఎవరి ఇంట్లోనైనా అటక మీద చెదలకి సిద్ధంగా ఉన్న ఉత్తరాలు, డైరీలు, పెళ్లి శుభలేఖలు ఉంటే తెచ్చి భద్రం చేస్తాం. పెద్దవాళ్ల జ్ఞాపకాలు వాళ్ల గొంతుతోనే రికార్డు చేస్తాం. దీన్ని నడిపేది రామజోగి మేష్టారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. పొందూరు పంచె కట్టుకుని, చిన్న చీటీముక్కని కూడా పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకునేవారు.

ఒకరోజు నా చేతిలో కొత్త రికార్డరు పెట్టారు. దాంతోపాటు చిన్న పుస్తకం కూడా.

“ఉమా, ఇది చదివి వెళ్లు.”

“చిన్న మిషనే కదండీ. దీనికి చదువెందుకు?” అని పుస్తకాన్ని సొరుగులో పడేశాను.

శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున ఒక ఊళ్లో నూకాలమ్మ ఉంది, ఆవిడ దగ్గరికి పంపారు. నలభై ఏళ్లు నెత్తిన చేపల తట్ట పెట్టుకుని, పల్లెపల్లె తిరిగి, చేపలిచ్చి ధాన్యం తెచ్చుకున్న మనిషి. భర్త బతికున్నప్పుడు గుజరాత్ రేవుల్లో బోట్ల మీద పని చేసేవాడు. అక్కణ్ణుంచి అతను పంపిన ఉత్తరాలన్నీ ట్రంకు పెట్టెలో దాచింది. ఆ ఉత్తరాలు మాకివ్వడానికి ఒప్పుకుంది.

మీకు ముందే చెప్పేస్తున్నాను, నాకులాగా తికమక పడకండి. ఆ మిషన్ మీద ఎర్ర బొత్తాం ఉంటుంది. ఒకసారి నొక్కితే ఎర్రదీపం మిణుకు మిణుకుమంటుంది. అంటే ‘సిద్ధంగా ఉన్నాను, ఇంకా మొదలుపెట్టలేదు’ అని. మళ్లీ నొక్కితే దీపం నిలకడగా వెలుగుతుంది, అప్పుడు రికార్డవుతుంది. ఇంకోసారి నొక్కితే ఆగి, మళ్లీ మిణుకుతుంది. నేనేమో, మిణుకుతోందంటే పని చేస్తోందనీ, నిలకడగా ఉందంటే విశ్రాంతి తీసుకుంటోందనీ అనుకున్నాను. మా ఆఫీసులో మనుషులు అలాగే ఉంటారు మరి.

బొత్తాం నొక్కి, “చెప్పండమ్మా” అన్నాను. దీపం మిణుకుమంది. అంతవరకూ గలగలా మాట్లాడుతున్న నూకాలమ్మ ఒక్కసారి బిగుసుకుపోయింది. చీరకొంగు భుజాల నిండా కప్పుకుని, మీటింగులో నాయకుడిలా గొంతు సవరించుకుంది.

“పెద్దలందరికీ నమస్కారం. నా పేరు నూకాలమ్మ. నాను సేపలమ్మినాను. కష్టపడినాను. అంతే.”

గంటసేపు లాగితే ఇలాంటివి పది వాక్యాలు వచ్చాయి. చివరికి అలసిపోయి, “కొంచెం టీ తాగుదామమ్మా, మిషన్ ఆపేస్తున్నాను” అని బొత్తాం నొక్కాను. దీపం నిలకడగా వెలిగింది. ఆ వెలుగు చూసి ఆవిడ మొహమూ వెలిగింది.

“ఆపీసినావేటి? అమ్మయ్య! నోరెండిపోనాది. ఇప్పుడు సెప్పు గుంటా, మీ సారు ఎలాటోడు?”

ఇక ఇద్దరం మొదలుపెట్టాం. మా మేష్టారి గురించి నేను, వియ్యపురాలి గురించి ఆవిడ. తర్వాత ఉత్తరాల సంగతి చెప్పింది. వింటూ వింటూ టీ చల్లారబెట్టుకున్నాను.

“అమ్మా, ఇది మిషన్లో చెప్పండి, చాలా బాగుంది” అని బతిమాలాను.

“సీ, అది ఊసు. సరిత్ర కాదు.”

టీ అయ్యాక మళ్లీ నొక్కాను. మళ్లీ మిణుకు. మళ్లీ “పెద్దలందరికీ నమస్కారం.” సాయంత్రం దాకా ఇదే వరస. తిరిగొచ్చి, ఏం రికార్డయిందో ఒక్క నిమిషమైనా వినకుండా, పైన చక్కగా పేరు రాసి మేష్టారికి అప్పగించాను.

నెల తిరక్కుండా ఆఫీసులో చిన్న సభ పెట్టారు. కాగితాలిచ్చిన కుటుంబాల్ని పిలిచారు. గజపతినగరం నుంచి రైతులొచ్చారు, కాలేజీ వాళ్లొచ్చారు. కూతురు గౌరిని వెంటబెట్టుకుని నూకాలమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. మేష్టారు లేచి, “ఇప్పుడు నూకాలమ్మగారి జీవిత చరిత్ర వారి గొంతులోనే విందాం” అని కంప్యూటర్లో మీట నొక్కారు.

స్పీకర్లోంచి “మీ సారు ఎలాటోడు?” అని నూకాలమ్మ అడిగింది, వెంటనే నేను పలికాను.

“మా సారా? అబ్బో! ఎవరైనా తుమ్మినా తారీఖు వేసి ఫైల్లో పెట్టమంటారమ్మా. ఆయన భార్య కూర బాగుందా అని అడిగితే, ఆధారాలు పరిశీలించి చెబుతానంటారట!”

హాలు ఒక్కసారి గొల్లుమంది. నేను మాత్రం పెళ్లిభోజనాల్లో సాంబారు గుండిగలోకి గరిటె జారవిడుచుకున్నవాడిలా చూస్తూ నిలబడ్డాను. ఎలాగో కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తి ఏదో మీట నొక్కాను. గొంతు రెట్టింపైంది.

“ఒకసారి చెదపురుగుని పట్టుకుని, ఇది ఏ కాలం నాటిదో చూడమ్మా అన్నారు!”

“సార్, ఇది… ఇది నేను…”

“నీ గొంతు నాకు తెలుసమ్మా. కూర్చో” అన్నారు మేష్టారు. ఆయన మొహంలో ఏ భావమూ లేదు. ఆధారాలు పరిశీలిస్తున్నట్టున్నారు.

ఈలోగా స్పీకర్లో నూకాలమ్మ గొంతు మొదలైంది.

“మా ముసిలోడి ఉత్తరాలా? నాకు సదువు రాదు గదా. పోస్టుమేను సదివీవోడు. ‘నూకాలూ, నీ మీద బెంగగా ఉన్నాది, సంద్రంలో ఎటు సూసినా నువ్వే అగుపడతన్నావు’ అని సదివీవోడు. నాను ఏడ్సీదాన్ని. ఆడికి ఎండుసేపలు మూటగట్టి ఇచ్చీదాన్ని…”

నవ్వులు ఆగిపోయాయి. నేను నూకాలమ్మ వైపు చూశాను. ఆవిడ నోరు తెరిచి వింటోంది. అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన అసలు తప్పు ఏమిటో. మేష్టారిని అన్న మాట సరే, తిట్లు తిని ఊరుకోవచ్చు. మిషన్ ఆగిపోయిందని నమ్మి ఒక పెద్దావిడ నా ఒక్కదానికే చెప్పుకున్న సంగతి ఇలా అందరి ముందూ పరిచేశాను. ఇంకేమీ ఆలోచించలేదు. వంగి కంప్యూటర్ నుంచి స్పీకర్‌కి వెళ్లే తీగ పీకేశాను.



“ఒసే గుంటా,” నూకాలమ్మ లేచింది, “ఆపీసినానన్నావు గదే!”

“ఆపేశాననే అనుకున్నానమ్మా. ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు నడుస్తుందో తెలుసుకోలేదు. తప్పయిపోయింది. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“నా కాళ్లెందుకే? ఇప్పుడెందుకాపీసినావని అడగతన్నాను! ఊసు సగంలో ఆపీస్తే ఈళ్లందరికీ ఎలా తెలుస్తాది?” అని నన్ను పక్కకి నెట్టి, మేష్టారి చేతిలోంచి మైకు తీసుకుంది. ‘పెద్దలందరికీ నమస్కారం’ లేదు, ఏమీ లేదు.

“మా గౌరికి సదువొచ్చినాక ఆ ఉత్తరాలు సదివించినాను. అందులో ఏటున్నాదో తెలుసా? ‘నేను బాగున్నాను. బోటు బాగున్నాది. నా పాత తువ్వాలు పంపు.’ అంతే! బెంగా నేదు, గింగా నేదు. పోస్టుమేన్ని నిలబెట్టి అడిగీసినాను. ఏటన్నాడో తెలుసా? ‘అంత దూరం నుంచొచ్చిన ఉత్తరంలో ఒక్క తువ్వాలే ఉందని నీ మొహం చూసి చదవలేకపోయానమ్మా’ అన్నాడు.”

ఎవరో నవ్వారు. ఎవరో ముక్కు ఎగబీల్చారు.

“ముసిలోడు వచ్చినాక ఆడినీ అడిగినాను. ఈ మాటలు నువ్వు సెప్పినావా నేదా అని. ఆడు బుర్ర గోక్కున్నాడు. ‘సెప్పనేదు గానీ అనుకున్నానే. ఉత్తరం రాసీవోడి ఎదట సెప్పడానికి సిగ్గేసినాది. మరి ఆ పోస్టుమేనుకి ఎలా తెలిసిపోనాది?’ అన్నాడు.”

ఇక చప్పట్లే చప్పట్లు. గౌరి కళ్లు తుడుచుకుంటూ, “ఆ ఉత్తరాలు నేను నాలుగో తరగతిలో చదివానండీ, అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు” అంది. మేష్టారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచారు. అవి తడవలేదని ఎంతసేపు చెప్పినా నేను నమ్మను.

సభయ్యాక మేష్టారు అనుమతి పత్రం తెచ్చి, ముందు మొత్తం రికార్డు నూకాలమ్మకి వినిపించి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆవిడనే అడిగారు. ఆవిడ బాగా ఆలోచించి, “మా వియ్యపురాలి ఊసు తీసీండి. మంచిదే గానీ, సెవులు సురుకు. మిగతాదంతా ఉంచీండి” అని వేలిముద్ర వేసింది.

తర్వాత మేష్టారు నావైపు తిరిగారు. నేను రాజీనామా మాటలు మనసులో కూడబలుక్కుంటున్నాను.

“ఉమా, ఆ చెదపురుగు సంగతి.”

“సార్…”

“అది చెదపురుగు కాదు. పుస్తకాల పురుగు. రికార్డులో తప్పు వివరం ఉండకూడదు. పక్కన సవరణ రాయి.”

అంతే. ఉద్యోగం ఉంది! ఆ సాయంత్రం శృంగవరపుకోట బస్సులో సీటు దొరక్కపోయినా నేను గాల్లో కూర్చుని వెళ్లాను.

మర్నాడు నూకాలమ్మకి ఫోన్ చేసి, పోయిన ‘చరిత్ర’ మళ్లీ చెప్పమని అడిగాను. “సెప్తాను గానీ, ఆ మిషను ఆపీసి కూర్సో. నడస్తంటే నాకు నోరు రాదు” అంది.

అందుకని విజయనగరం కోట వైపు తిరిగి, కుడిచెయ్యి ఎత్తి, ఇక్కడే ప్రమాణం చేస్తున్నాను: బతికి ఉన్నన్నాళ్లూ, పుస్తకం చదవకుండా ఏ మిషన్ బొత్తామూ నొక్కను. ‘ఆపేశాను’ అన్న మాట రెండుసార్లు చూసుకోకుండా అనను. అన్నింటికన్నా ముఖ్యంగా, మా మేష్టారి గురించి ఆఫీసులో ఒక్క మాటైనా జారను. పదేళ్లుగా ఈ ప్రమాణానికి కట్టుబడే ఉన్నాను. ఆయన గురించి ఏదైనా చెప్పాలనిపిస్తే వీధి చివరి టీ బడ్డీ దాకా నడిచి వెళ్లి చెబుతున్నాను.