నలుగురికి సరిపోయిన బొంత

మొన్న కోరుట్లలో మా బిడ్డతో కలిసి దుప్పట్ల దుకాణానికి వెళ్లాను. మా అల్లుడు దుబాయ్ ప్రయాణం కట్టాడు, అతను వెంట తీసుకుపోవడానికి ఒక దుప్పటి కొనాలి. సింగిలా డబులా అని దుకాణం అమ్మాయి అడిగితే, మా బిడ్డ నా ముఖం చూసింది. ఆ చిన్న మాటకే ఎన్నో ఏళ్ల కింద సిరిసిల్లలో మా అమ్మ కుట్టిన బొంత కళ్ల ముందుకొచ్చింది.

అప్పట్లో మా బాపు సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపేవాడు. నేసిన గుడ్డ అడిగేవాళ్లు లేక సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. పగలంతా ఆ చప్పుడును విసుక్కుంటూ పెరిగినవాళ్లకు అది ఆగిపోయిన వీధి ఎంత గుబులుగా ఉంటుందో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. చివరికి బాపు పరాయి రాష్ట్రంలోని భీవండికి పోయి మగ్గం పని చూసుకుంటానని తేల్చేశాడు. అక్కడ ఒక్కో గదిలో ఆరుగురు మగవాళ్లు వంతులవారీగా పడుకుంటారట, అందుకని తనొక్కడికి సరిపడే బొంత చాలన్నాడు. అమ్మ పాత చీరలు బయటికి తీసింది.

మా వైపు బొంతకు ముందు అంచు కుట్టుకుని, అక్కడి నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. అంచు పడిందంటే ఇక కొలత మార్చడం కుదరదు, ఎవరి కోసమన్నది సూది పట్టకముందే అనుకోవాలి. అమ్మ చీరల పొరల మీద బాపును పడుకోబెట్టి, తల దగ్గరా కాళ్ల దగ్గరా జానెడు వదిలి గుర్తు పెట్టుకుంది. రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషి కదా, కొలత తీస్తుండగానే గురక పెట్టాడు. నేనూ తమ్ముడూ ఒకటే నవ్వు.

కుట్టు సాయానికి కోరుట్ల నుంచి మా మేనత్త వచ్చింది. ఆమె భర్త కూడా భీవండికి పోయినవాడే, ఆమె బీడీలు చుట్టి పిల్లల్ని సాకుతోంది. అంచు పూర్తయి, కుట్టు సగం దాకా లోపలికి వచ్చాక, అత్త సూదిలో దారం ఎక్కిస్తూ మామూలుగా ఒక మాట అంది: "మా ఇంటాయనకు గూడ గింతదే కుట్టిచ్చిన. రెండేండ్లకు ఊరాయనతోని బొంత వాపసు పంపిండు, కొత్తది కొనుక్కున్నడట. బొంత అచ్చింది గని మనిషి రాలె."

అమ్మ సూదిని గుడ్డకు గుచ్చేసింది. లేచి, దండెం మీది పాత చీర ఒకటి, బాపు ప్రయాణానికని ఉతికి మడిచి పెట్టుకున్న లుంగీ ఒకటి తెచ్చి నిలువునా చింపింది. అంచు మీద పేలికలు అతికితే బొంత దిష్టిబొమ్మ లెక్క అయితదని అత్త నెత్తి కొట్టుకుంది. అయినా అమ్మ ఆ చిన్న బొంతకు నాలుగు వైపులా పట్టీలు వేసి, పొరలు పేర్చి, మళ్లీ బయటి అంచు నుంచి కుట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం బాపు వచ్చేసరికి బొంత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుని ఉంది.

"గింత పెద్దది నా సంచిల పడుతదా?" అన్నాడు.

"పట్టదు. నలుగురం పోతున్నం, నలుగురం మోస్తం," అంది అమ్మ తల ఎత్తకుండా.

బాపుకు కోపం వచ్చింది. ఆడమనిషిని, పిల్లల్ని ఆ ఇరుకు గదుల్లో ఎక్కడ పెట్టాలని అరిచాడు, అన్నం ముట్టలేదు. లుంగీ సంగతి తెలిశాక ఇంకాస్త అరిచాడు. అమ్మ కుడుతూనే ఉంది. ఈ పంతం ఎటు పోతుందో తెలియక నేను భయపడ్డాను, బాపు లేచి వెళ్లిపోతే బొంతా మేమూ మిగిలిపోతామనిపించింది. తెల్లారి లేచి చూస్తే బాపు అమ్మకు ఎదురుగా కూర్చుని, గుడ్డ ముడత పడకుండా ఓ అంచు పట్టుకుని లాగుతున్నాడు. ఒప్పుకున్నానని నోటితో మాత్రం ఎన్నడూ అనలేదు.

భీవండిలో సుఖపడ్డామని చెప్పను. ఒకే గది, నీళ్ల కోసం కొట్లాటలు. నా చదువు అక్కడితో ఆగిపోయింది, మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో చేరాను. ఆ విషయంలో అమ్మ మీద కోపం చాలా ఏళ్లు ఉంది నాకు. కానీ చలికాలంలో నలుగురం ఆ బొంత కిందే పడుకునేవాళ్లం, మధ్యలో చిన్న బొంత అంచు గట్టిగా చేతికి తగిలేది, దాని లోపలి భాగం నాదంటే నాదని నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. బాపు అటు చివర, లుంగీ పట్టీ కింద, చేయి చాపితే అందేంత దూరంలో ఉండేవాడు.

దుకాణంలో నిలబడి ఇదంతా తలుచుకున్నాను. ఇప్పటి దుప్పట్లు కొలతతోనే తయారై వస్తాయి, సగంలో మనసు మార్చుకుని నాలుగు వైపులా పట్టీ వేసే వీలు లేదు. అల్లుడికి వచ్చిన వీసా కూడా ఒక్కడికే. మా బిడ్డ ఇంకా నా వైపే చూస్తోంది, దాని చంకలో ఏడాది నిండని మనవడు. డబులే తీసుకొమ్మని నోటిదాకా వచ్చింది. సింగిల్ ఇమ్మన్నాను, బరువు తక్కువని.