మేనకోడలి చెవులు, మేనమామ కడుపు

ఆ రోజు మంగళవారం. బెంగుళూరు కాటన్‌పేటలో మా దారాల అంగడికి ఒక మగ్గాల ఆసామి వచ్చాడు. ఆయనకు కండెలు చూపిస్తుండగా నా కడుపులో పెద్ద చప్పుడయింది. ఆయన తలెత్తి "ఏమన్నారు?" అని అడిగాడు. నేనేమీ అనలేదని చెప్పేలోపు మళ్ళీ వినిపించింది. మర్యాద తెలిసిన మనిషి, చూపు కండెల వైపు తిప్పుకున్నాడు. నేను మాత్రం కుర్చీ వదిలి పరుగెత్తాను. మా అంగడికి సొంత బాత్రూం లేదు. మూడంతస్తుల కాంప్లెక్సుకంతా కలిపి పై అంతస్తులో ఒకటుంది. దాని తాళంచెవి పక్కనున్న జెరాక్సు అంగడి ఆయన దగ్గర ఉంటుంది. మధ్యాహ్నానికి నాలుగుసార్లు ఆ తాళంచెవి అడిగాను. ఐదోసారి నన్ను చూడగానే ఆయనే తీసి చేతిలో పెట్టాడు.

నాకు నలభై ఆరేళ్ళు. రాళ్ళు తిన్నా అరిగించుకుంటానని అప్పటిదాకా నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. ఇది ఏదో పూట తిండి తేడా, రేపటికి సర్దుకుంటుంది అనుకున్నాను. వారమైంది, నెలైంది. రెండు రోజులు నీళ్ళలా పోవడం, రెండు రోజులు అసలు పోకపోవడం, మధ్యలో ఉబ్బరం. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. దారిలో కనబడ్డవాళ్ళు "వాకింగ్ చేస్తున్నారా, బాగా సన్నబడ్డారే" అని మెచ్చుకుంటుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. మెజెస్టిక్ నుంచి చామరాజపేట దాకా ఏ హోటల్లో బాత్రూం ఎటువైపుందో, ఎక్కడ కాఫీ తాగకపోయినా లోపలికి పోనిస్తారో నాకు కంఠతా వచ్చేసింది.

ఈ నాలుగు నెలలూ వైద్యం నేనే చేసుకున్నాను. ఇక్కడ నా గుణం ఒకటి ఒప్పుకోవాలి. మాది మూడు తరాల హోల్‌సేల్ వ్యాపారం. దేన్నైనా విడిగా కొనడమంటే మా ఇంట్లో నామోషీ. ఉప్పయినా మూటే, సబ్బులైనా పెట్టే. దారం దుమ్ముకు నాకు ఏడాదిలో నాలుగైదుసార్లు గొంతు పట్టేస్తుంది. ఎన్నేళ్ళ కిందటో ఒక డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్ పేరు గుర్తుపెట్టుకుని, వీధి చివరి మెడికల్ షాపు నుంచి దాన్ని నిండు డబ్బాగా తెప్పించి గల్లాపెట్టె పక్కనే పెట్టుకున్నాను. గొంతు గరగరలాడితే ఒకటి. ఒళ్ళు వెచ్చబడితే ఒకటి. ఎవరైనా ఎదురుగా తుమ్మితే ముందుజాగ్రత్తకు ఒకటి. రెండు రోజులు మింగి, బాగుందనిపిస్తే మానేసేవాణ్ణి. ఇప్పుడు కడుపు చెడితే దానికీ అవే మింగాను.

ఇంతలో నా చెల్లెలు లలిత కూతురికి చెవులు కుట్టే రోజు దగ్గరపడింది. లలితను దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఇంటికిచ్చాం. పెళ్ళయిన పదకొండేళ్ళకు ఆ పిల్ల పుట్టింది. చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకోవడం మా ఆచారం. లలితకు తోబుట్టువంటే నేనొక్కణ్ణే. పైగా బేసి నెలలోనే కుట్టాలి కాబట్టి తొమ్మిదో నెలలో ముహూర్తం పెట్టారు.

కొత్త పంచె కట్టుకుని నా భార్య సుజాతతో కారులో బయలుదేరాను. యలహంక చేరకముందే మూడుసార్లు కారు ఆపించాను. మూడోసారి ఒక పెట్రోలు బంకులోంచి బయటికొచ్చి, ఇక నావల్ల కాదని కారు వెనక్కి తిప్పించాను. లలితకు ఫోను చేసి, గోడౌనులోకి వాన నీళ్ళు వచ్చేశాయని చెప్పాను. ఆ నెలలో బెంగుళూరులో చుక్క వాన పడలేదు.

"గోడౌనులోకి నీళ్ళా అన్నా," అంది లలిత. "సరేలే."

ఆ తర్వాత పది రోజులు ఆమె దగ్గర్నుంచి ఫోను లేదు. మేనమామ లేనిదే కుట్టేది లేదని వాళ్ళ అత్తగారు పట్టుబట్టిందని, పదకొండో నెల కూడా తప్పితే మళ్ళీ మూడో ఏడేనని లలిత భర్త ద్వారా తెలిసింది. చెల్లెలి అత్తవారింట్లో నా పేరు ఎలా మోగుతూ ఉంటుందో నేను ఊహించుకోగలను.

సుజాత ఇక నన్ను అడగలేదు. ఆటో పిలిచి ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడి పొట్ట డాక్టరమ్మ సొంతూరు మదనపల్లి వైపు. బ్లడ్ టెస్ట్, స్టూల్ టెస్ట్, అల్ట్రాసౌండ్ రాసింది. బరువు తగ్గాను కాబట్టి కొలొనోస్కోపీ కూడా చేద్దామంది. దానికి ముందు పేగులు శుభ్రం కావడానికి లీటర్ల కొద్దీ మందునీళ్ళు తాగిస్తారు. ఆ విషయంలో నేను నాలుగు నెలలుగా తయారుగానే ఉన్నానని నర్సుకు చెప్పాను. ఆమె నవ్వలేదు. లోపలికి పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది. క్యాన్సరే అనుకున్నాను. బీరువా తాళాలు ఎక్కడున్నాయో సుజాతకు చెప్పడం మొదలుపెట్టాను.

"అవి ఇరవై ఏండ్లుగా నా దగ్గరే ఉండాయి," అంది సుజాత. చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాయి. సంతోషించాల్సిందిపోయి నాకు కోపం వచ్చింది. అంతా నార్మల్ అయితే నేను పై అంతస్తుకు ఎందుకు పరుగెడుతున్నట్టు?

"ఏమేం మందులు వాడతా ఉండారు?" అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేవు డాక్టర్."

సుజాత చేతిసంచి తెరిచి, గల్లాపెట్టె పక్కనుండే డబ్బాను తీసి టేబుల్ మీద పెట్టింది. డాక్టరమ్మ మూత తెరిచి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది దేనికి?"

"గొంతుకు."

"ఇది మూడో డబ్బా మేడం," అంది సుజాత.

"ఎవరు రాసిచ్చినారు?"

రాసిచ్చిన డాక్టరు రిటైరై చాలా ఏళ్ళయిందని చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"చూడండి సార్. మన పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఉంటాది. ఊరు ఊరే కాపురం ఉంటాది అక్కడ. తిన్నది అరిగేకి, పేగు కుదురుగా ఉండేకి అదే పని చేస్తాది. మీరు ఊరకూరకే యాంటీబయాటిక్ మింగి మింగి ఆ ఊరిని ఖాళీ చేయించుకున్నట్టుండారు. ఇన్ఫెక్షన్ ఏమీ లేదు. ఐబీఎస్ టైపు గట్ ట్రబుల్ ఇది, పేగు కుదురు తప్పింది. తగ్గుతాది. టైమ్ పడతాది."

నేను వ్యాపారస్తుణ్ణి. ఆ మంచి బ్యాక్టీరియా పెద్ద ప్యాకింగులో ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"అది కొనుక్కునేది కాదు సార్, పెంచుకునేది," అంది. ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ అందరికీ పనిచేస్తాయన్న గ్యారంటీ లేదని, ముందు తిండి సంగతి చూద్దామని చెప్పింది. ఇంట్లో తోడేసిన పెరుగు, రాగి, కొర్రలు, ఆకుకూరలు, పప్పులు, పండ్లు. వాటిలోని ఫైబరే ఆ బ్యాక్టీరియాకు భోజనమట. వేళకు తినాలి, వేళకు పడుకోవాలి, రోజూ నడవాలి. "అన్నీ స్లోగా. వారానికి ఒకటి కలుపుకోండి, అదీ కొంచెం కొంచెంగా."

ఇంటికి రాగానే లలితకు ఫోను చేశాను. గోడౌను బాగానే ఉందని, చెడింది నా కడుపని మొత్తం చెప్పేశాను.

"అన్నా, మా అత్త ముందర తలెత్తుకోలేక పది దినాలు ఏడ్చినాను నేను. నీకు నేను బరువైపోయినానేమో అనుకున్నా. బేదులు అవుతా ఉండాయి అని చెప్పేకి ఏమైంది నీకి?"

"సిగ్గయిందమ్మా."

"నా కూతురు దినానికి ఐదుసార్లు పోతాది. దానికి లేని సిగ్గు నీకెందుకప్పా?" అని ఏడుస్తూనే నవ్వింది. "పదకొండో నెలలో పెట్టిస్తా ఉండా. రెండు నెలలుండాది. బాగు చేసుకొని రా."

రెండు నెలలు. స్లోగా అని డాక్టరమ్మ అన్న మాట నా చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. ఆ సాయంత్రమే మార్కెట్టుకు వెళ్ళి రాగులు ఒక మూట, కొర్రలు ఒక మూట, పన్నెండు కట్టల ఆకుకూర, అవిసె గింజలు, ఇసబ్‌గోలు, పెసలు, అలసందలు, ఒక గెల అరటిపళ్ళు దింపించాను. మర్నాడు పొద్దున రాగి సంగటి, పది గంటలకు మొలకలు, మధ్యాహ్నం అలసందల కూరతో కొర్రన్నం, దాని మీద మూడు గిన్నెల పెరుగు, సాయంత్రం పచ్చికూరల ముక్కలు, పడుకోబోయేముందు ఇసబ్‌గోలు. ఖాళీ అయిన ఊరిని వారం రోజుల్లో నింపేద్దామని నా ప్లాను.

మూడో రోజుకు పంచె ముడి అందలేదు. కడుపు బిగుసుకుపోయి తబలాలా తయారైంది. అంగడిలో ఎవరైనా బేరానికి దగ్గరగా వస్తే నేను వెనక్కి జరిగేవాణ్ణి. ఎందుకో వివరించడం బాగుండదు. డాక్టరమ్మకు ఫోను చేసి, తిన్నవన్నీ వరసగా చదివాను.

"సార్," అంది ఆమె చివరికి. "మనుషులు లేని ఊర్లో ఒకే దినం పది లారీల సామాను దించితే, ఎవరెత్తి లోపల పెడతారు?"

సామాను దింపుకోవడం గురించి ఇంకొకరితో చెప్పించుకోవాల్సిన స్థితి మా వంశంలో ఎవరికీ రాలేదు.

ఆ రోజు నుంచి వంటింటి అధికారం పూర్తిగా సుజాతదే. మొదటి వారం మధ్యాహ్నం ఒక కప్పు పెరుగు, అంతే. రెండో వారం దానికి తోడు పొద్దున చిన్న గ్లాసు రాగి అంబలి. మూడో వారం మెత్తగా ఉడికిన ఆకుకూర నాలుగు చెంచాలు. నాలుగో వారం పెసరపప్పు, రోజుకొక అరటిపండు. అంగడిలో నాలుగింటికి తినే భోజనాన్ని ఒంటిగంటకు మార్చింది. ఒంటిగంటకు నేను షట్టరు సగం దించితే, వీధిలో ఎవరో పోయారనుకుని ఇద్దరు పరామర్శకు వచ్చారు. సాయంత్రం అరగంట నడక. రాత్రి పదికి నిద్ర. మంచి రోజులూ ఉన్నాయి, చెడ్డ రోజులూ ఉన్నాయి. ఐదో వారంలో జెరాక్సు ఆయన నన్ను ఆపి, "ఏమప్పా, తాళంచెవికి వచ్చేదే లేదు, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు.

ముహూర్తం తొమ్మిది రోజులుందనగా గొంతు పట్టేసింది. వెంటనే ఒళ్ళు వెచ్చబడింది. మెడికల్ షాపాయన అంగడి ముందు నుంచి పోతూ నా గొంతు విని, "డబ్బా పంపించేదా అన్నా?" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. దగ్గుతూ జ్వరంతో పోతే పిల్లను నా చేతికివ్వరు. పదకొండో నెలా తప్పుతుంది. మందు మింగితే రెండు రోజుల్లో గొంతు తగ్గుతుంది, కానీ కడుపు? పంపించమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ గొంతులో లైటు వేసి చూసింది. "వైరల్ మాదిరి ఉండాది. దీనికి యాంటీబయాటిక్ పని చేయదు. ఉప్పునీళ్ళు పుక్కిలించండి. మూడు దినాల్లో జ్వరం తగ్గకపోతే రండి, అవసరమైతే నేనే రాస్తాను. యాంటీబయాటిక్ చెడ్డది కాదు సార్. మీరు డాక్టర్ కాదు, అంతే."

జ్వరం రెండు రోజుల్లో పోయింది. గొంతు ఐదు రోజులు సతాయించి తనంతట తాను తగ్గింది. ఇన్నేళ్ళూ అది అలాగే తగ్గుతూ ఉండేదేమో, పేరు మాత్రం డబ్బాకు దక్కిందేమో అని అప్పుడు నాకు తట్టింది.

పదకొండో నెల ముహూర్తానికి మళ్ళీ కొత్త పంచె కట్టాను. యలహంక దగ్గర డ్రైవరు కాఫీకి ఆపమంటారా అని అడిగితే, ఆపకుండా పోనిమ్మన్నాను. సుజాత నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

పీట మీద కూర్చున్నాను. లలిత పిల్లను తెచ్చి నా ఒడిలో పెట్టింది. కంసాలి ఆచారి బంగారు తీగ తీసి కుడి చెవి కుట్టాడు. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ వెంటనే నా ఒడిలో వెచ్చగా తగిలింది. పంచె తడిసింది. వాసన కూడా వచ్చింది.

మేళం ఆగింది. నా కడుపు సంగతి అప్పటికే ఆ ఇంట్లో అందరికీ తెలుసు, నలభై మంది చూపులూ నా మీద పడ్డాయి. ఒక్కరూ పిల్ల వైపు చూడలేదు.

"ఫర్వాలేదు నాయనా," అంది లలిత అత్తగారు జాలిగా. "బాత్రూం ఈపక్కుండాది."

లలిత ముఖం పాలిపోయింది. "అన్నా..." అంది గుసగుసగా.

నేను పిల్లను రెండు చేతులతో పైకెత్తి అందరికీ చూపించాను. "నేను కాదమ్మా. నీ కూతురు."

ముందు అత్తగారే నవ్వింది. తర్వాత ఇల్లంతా నవ్వింది. ఎడమ చెవి అయ్యేదాకా లేవకూడదని ఆచారి అన్నాడు. ఆ తడి పంచెతోనే, ఆ పిల్లను గుండెకు హత్తుకుని కూర్చున్నాను. అంత సంతోషంగా నేను ఎన్నడూ కూర్చోలేదు. లలిత నా భుజం మీద చెయ్యి వేసి, రెండో చెవి అయ్యేదాకా తియ్యలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. పోయిన బరువులో నాలుగు కిలోలు తిరిగొచ్చాయి. పూర్తిగా నయమైందని అనను. పెళ్ళి భోజనాలకు వేళ తప్పితే మర్నాడు కడుపు ఊరుకోదు. రాగి అంబలి, పెరుగు, ఆకుకూర, ఒంటిగంట భోజనం ఇప్పుడు అలవాటైపోయాయి. కొత్తది ఏదైనా వారానికి ఒక్కటే, కొంచెమే. మీకు నేను చెప్పదలచుకున్నది మాత్రం తిండి గురించి కాదు. కడుపు తేడా చేసి వారం దాటితే, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, మింగుతున్న ప్రతి మాత్రతో సహా. ఇంట్లో వాళ్ళకూ చెప్పండి. నా పేగులు రెండు నెలల్లో చాలావరకు నన్ను మన్నించాయి. అన్నకు బరువైపోయానేమో అని నా చెల్లెలు ఏడ్చిన ఆ పది రోజులను మాత్రం ఏం తిన్నా నేను వెనక్కి తేలేను.